మా పొలం పోవడం లేదు, మా చెరువుకు వచ్చే కాలువ పోతుంది: మాకు హక్కు ఉందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది కాంచీపురం జిల్లాలో, పరందూరు విమానాశ్రయానికి అనుకుంటున్న స్థలానికి దిగువన ఉన్న ఊరు. ఉద్యోగరీత్యా నేను పూందమల్లిలో ఉంటున్నాను. నాన్న, బాబాయి ఊళ్ళో సేద్యం చేస్తున్నారు. మా సర్వే నంబర్లు భూసేకరణ నోటీసులో లేవు. కానీ మా చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ పైనున్న రెండు చెరువుల అలుగుల నుంచి వస్తుంది, ఆ రెండూ విమానాశ్రయం హద్దుల్లోకి పోతాయంటున్నారు. "పొలం పోనివాడికి ఏం హక్కుంది" అంటున్నారు ఊరి పెద్దలు. తెలిసిన లాయరు ఒకాయన శ్రీపెరంబుదూరు కోర్టులో ఇంజంక్షన్ వేద్దామంటున్నారు. హరిత ట్రిబ్యునల్‌కు ఇప్పుడే వెళ్ళాలా? తీరా కట్టాక నీళ్ళు రాకపోతే పరిహారం వస్తుందా? (ఒక పాఠకుడు, చెన్నై)

జవాబు: పొలం పోనివాడికి హక్కు లేదన్న మాట భూసేకరణ వరకే నిజం. పర్యావరణ చట్టం అలా చూడదు. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 16వ సెక్షన్ పర్యావరణ అనుమతి మీద అప్పీలు చేసే హక్కును బాధితుడైన ఎవరికైనా ఇచ్చింది. బాధితుడంటే భూమి పోగొట్టుకున్నవాడే అన్న షరతు అందులో లేదు. ఆ చెరువు కింద తడి పెట్టుకునే మీ నాన్నగారికి, ఆ గట్టున గొడ్లు తోలుకునే పక్కింటాయనకు కూడా ఆ హక్కు ఉంది. ఆయకట్టు రైతులందరూ కలిసి సంఘం పేరున వేస్తే ఇంకా మంచిది, ఒక్క ఇంటి మీదే ఒత్తిడి పడదు.

ఇంజంక్షన్ దావా మాత్రం వద్దు. ట్రిబ్యునల్ పరిధిలోకి వచ్చే పర్యావరణ వివాదాలను సివిల్ కోర్టులు విచారించకూడదని అదే చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. దావా వేస్తారు, అవతలివాళ్ళు పరిధి లేదని పిటిషన్ వేస్తారు, దాని మీద వాదనలు నెలల తరబడి సాగుతాయి. ఈలోపు అసలు గడువు దాటిపోతుంది. ఇలా గడువు పోగొట్టుకుని వచ్చిన రైతులకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఇప్పుడే వెళ్ళాలా అన్న సంగతి. ముందు ఫైలు ఏ దశలో ఉందో చూడండి. సైట్ క్లియరెన్స్ వచ్చింది, సూత్రప్రాయ ఆమోదం వచ్చింది అని పేపర్లో చదివి అంతా అయిపోయిందని జనం నీరుగారిపోతారు. అవి పౌర విమానయాన శాఖ ఇచ్చేవి. పర్యావరణ అనుమతి వేరు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం వాణిజ్య విమానాశ్రయాలు కేటగిరీ 'ఎ' కిందికి వస్తాయి కాబట్టి ఆ అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ. అధ్యయనం ఎలా చేయాలో ముందు నిబంధనలు ఇస్తారు. తర్వాత ముసాయిదా ఈఐఏ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ, నిపుణుల కమిటీ పరిశీలన, ఆఖరున అనుమతి. ఇదంతా ఆ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో ఎవరైనా చూడవచ్చు. వారానికి ఒకసారి ఆ పోర్టల్ తెరిచి చూసే పని చదువుకున్న మీరే పెట్టుకోండి. అనుమతి రాకముందే ట్రిబ్యునల్‌కు వెళితే ఇంకా సమయం కాలేదని సాధారణంగా తిప్పి పంపుతారు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. నా లెక్కలో అసలు పోరాటం ప్రజాభిప్రాయ సేకరణ దగ్గరే.

ఎందుకంటే ట్రిబ్యునల్ మీ ఊరికి వచ్చి చెరువు చూడదు, ఫైలు చూస్తుంది. ఫైల్లో లేని కాలువ ట్రిబ్యునల్ కంటికి ఆనదు. కాబట్టి మీ చెరువు పేరు, సర్వే నంబరు, దానికి నీళ్ళు ఎటు నుంచి వస్తాయన్నది అనుమతి రాకముందే ఆ ఫైల్లోకి ఎక్కాలి.

దానికి కాగితాలు కావాలి. ఊళ్ళోని భూములన్నిటి వివరాలుండే గ్రామ 'ఎ' రిజిస్టర్ నకలు తీయండి, అందులో చెరువు, కాలువ, వాగు పోరంబోకుగా ఏ సర్వే నంబర్ల కింద ఉన్నాయో దొరుకుతుంది. ఆ నంబర్ల ఎఫ్ఎంబి స్కెచ్‌లు (సర్వే కొలతల పటాలు) తీసుకుని, పై చెరువు అలుగు నుంచి మీ చెరువు దాకా వరసగా పేర్చండి. కాలువ దారి అతుకుల్లేకుండా కనబడాలి. మధ్యలో ఏదైనా పట్టా నంబరు అడ్డొస్తే అక్కడ కాలువ ఎంత వెడల్పున పారుతోందో వీఏఓతో (గ్రామ పరిపాలనాధికారితో) రాయించుకోండి. నీటి వనరుల శాఖ దగ్గర ప్రతి పెద్ద చెరువుకూ 'ట్యాంక్ మెమోయిర్' అనే రికార్డు ఉంటుంది. చెరువు ఎంత నీళ్ళు పడుతుంది, ఎంత ఆయకట్టు, నీళ్ళు ఎక్కడి నుంచి చేరతాయి అన్నవన్నీ అందులో ఉంటాయి. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. మీ మూడు చెరువుల మెమోయిర్లు చేతికొస్తే సగం కేసు వచ్చినట్టే.

ఫోటోల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఈఐఏ నివేదికలకు కొలతలు మామూలుగా వానాకాలం కాని ఒక్క సీజన్‌లోనే తీస్తారు. మన వైపు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్లో వచ్చి చూసినవాడికి మీ కాలువ తుమ్మచెట్లు మొలిచిన గుంట. నవంబరులో అలుగు పారేటప్పుడు తేదీ పడేలా, కట్ట మీది గుర్తులు కనబడేలా ఫోటోలు, వీడియోలు తీసి పెట్టండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో నీటి పారుదల అధ్యయనం చేయకుండా ఈ స్థలం మీద నిర్ణయం తీసుకోకూడదని రాతపూర్వకంగా అడగండి. రన్‌వేకు నేల చదును చేసి మట్టి పోసి ఎత్తు పెంచుతారు, ఎకరాల కొద్దీ కాంక్రీటు పడుతుంది. ఇంకవలసిన నీళ్ళు ఒక్కసారిగా పరుగెత్తుతాయి. నవంబరులో మీ ఊరు మునిగి, ఫిబ్రవరిలో మీ చెరువు ఎండే ప్రమాదం అక్కడే ఉంది. ఇది విమానాశ్రయానికీ మంచిది కాదు. మీనంబాక్కంలోని చెన్నై విమానాశ్రయంలో రెండో రన్‌వే అడయారు నది మీద వంతెన కట్టి పొడిగించినది. 2015 డిసెంబరు వరదల్లో ఆ విమానాశ్రయమే రోజుల తరబడి మూతపడింది. పాలారు నీళ్ళను శ్రీపెరంబుదూరు చెరువు వైపు తీసుకెళ్ళే కంబన్ కాలువ పరందూరు మీదుగానే పోతుంది కనుక ఈ వాదన మీ ఒక్క ఊరిది కాదు.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. సభకు జిల్లా కలెక్టరో, ఆయన తరఫున సీనియర్ అధికారో అధ్యక్షత వహిస్తారు, కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. అంతా వీడియో తీయాలి. మాట్లాడతానన్న ప్రతివారికీ అవకాశం ఇవ్వాలి. మీ నాన్నగారు అక్కడ నోటితో చెప్పాలి, కాగితం కూడా ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా అర్జీ తమిళంలోనో ఇంగ్లీషులోనో రాయించండి. మీరు ఊళ్ళో లేకపోయినా రాతపూర్వకంగా మండలికి పంపవచ్చు. 30 రోజుల నోటీసు ఇవ్వకపోయినా, మాట్లాడనివ్వకపోయినా మద్రాసు హైకోర్టులో రిట్ వేయడానికి దారి ఉంది. ట్రిబ్యునల్ ఉన్నంత మాత్రాన హైకోర్టు అధికారం పోదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

అనుమతి వచ్చిన రోజు నుంచి మాత్రం రోజులు లెక్కబెట్టుకోవాలి. అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. 91వ రోజున వస్తే ఎంత న్యాయమైన కేసైనా తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. గడువు ఎప్పటి నుంచి అంటే, వెబ్‌సైట్లో పెట్టడం, పత్రికలో ప్రకటించడం, పంచాయతీలో అంటించడం, వీటిలో ఏది ముందు జరిగితే అప్పటి నుంచి. నాకు నిన్ననే తెలిసిందంటే చెల్లదు. పోర్టల్ చూస్తూ ఉండమన్నది అందుకే.

అప్పీలుకు బలమైన ఆధారం గోవాలోని మోపా విమానాశ్రయం కేసు. దరఖాస్తు ఫారంలో చుట్టూ 15 కిలోమీటర్ల లోపు చిత్తడి నేలలు, వాగులు, అడవులు చెప్పాలన్న గడి ఒకటి ఉంటుంది. మోపాలో పర్యావరణపరంగా ముఖ్యమైన వివరాలు దాచారని, నిపుణుల కమిటీ కూడా బుర్ర పెట్టి చూడలేదని సుప్రీంకోర్టు 2019 మార్చిలో ఆ అనుమతిని నిలిపివేసింది. అయితే 2020 జనవరిలో అదనపు షరతులతో మళ్ళీ అనుమతించింది. ఇవాళ ఆ విమానాశ్రయం నడుస్తోంది. ఇది మీకు దాచకుండా చెప్పాలి. ప్రాజెక్టు మొత్తం ఆగుతుందని ఊళ్ళో ఎవరికీ మాట ఇవ్వకండి. కాలువను పూడ్చకుండా అంతే వెడల్పున మళ్ళించడం, మీ చెరువుకు చేరే నీటిని ఏటా కొలిచి బయటపెట్టడం వంటి షరతులు రాబట్టడం మీ చేతిలో ఉన్న పని. ఆ షరతులు అమలవుతున్నాయో లేదో కంపెనీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అవి కూడా మీరు చూడవచ్చు.

చిత్తడి నేలల చట్టం మీద ఎక్కువ భరోసా పెట్టుకోకండి. 2017 నిబంధనలు సాగునీటికి మనుషులు కట్టిన చెరువులను, వరి మళ్ళను నిర్వచనం నుంచే తప్పించాయి. వందల ఏళ్ళుగా కొంగలు దిగే, చేపలు పెరిగే మన చెరువుల విషయంలో ఇది అన్యాయం అని నా అభిప్రాయం. కానీ దేశవ్యాప్త జాబితాలోని 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించింది. ఉపగ్రహ పటాల ఆధారంగా, 2.25 హెక్టార్లకు పైబడిన వాటితో చేసిన జాబితా అది. మీ చెరువులు ఆ పటంలో ఉన్నాయేమో తప్పక చూడండి. నీటి వనరులున్న భూములను పెద్ద ప్రాజెక్టులకు కలిపే తమిళనాడు చట్టం 2023లో వచ్చింది, దాని కింద నోటీసు వస్తే అభ్యంతరం వెంటనే ఇవ్వాలి.

పరిహారం సంగతి. కట్టాక నీళ్ళు ఆగి పంట పోతే 15వ సెక్షన్ కింద నష్టపరిహారమూ, కాలువను పూర్వస్థితికి తేవాలన్న ఆదేశమూ అడగవచ్చు. గడువు ఐదేళ్ళు, పైన 60 రోజులు. అయితే అప్పుడు ముందు ఎన్ని నీళ్ళు వచ్చేవని అడుగుతారు. జవాబు ఇప్పుడు మీరు పోగుచేసే మెమోయిర్లు, ఫోటోలు, అడంగల్ నకళ్ళలోనే ఉంటుంది. అడంగల్లో ఏటా ఏ పంట, ఎన్ని పంటకాలాలు అన్నది రాయించడం నాన్నగారు మానకూడదు.

దక్షిణ మండల ట్రిబ్యునల్ చెన్నైలోనే, చేపాక్కంలోని కలస్ మహల్లో ఉంది. పరిహారం అడగని అప్పీలుకు ఫీజు 1,000 రూపాయలు, పరిహారం అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. మీరు పూందమల్లిలో ఉన్నారు కాబట్టి వాయిదాలకు వచ్చే పని మీది, 'ఎ' రిజిస్టర్, స్కెచ్‌ల పని నాన్నగారిది. సమాచార హక్కు అర్జీ ఈ వారమే పడాలి.