జీతం 3.10 లక్షలు, కారు 93 లక్షలు, బ్యాంకులో 2.10 లక్షలు

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికొచ్చే జీతం నెలకు 3.10 లక్షలు. ఇంటి రుణం ఇంకా 71 లక్షలుంది, వాయిదా 78 వేలు. ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేదానితో కలిపి ఇంటి ఖర్చు 70 వేలు, సిప్ 50 వేలు. ఈక్విటీ ఫండ్లలో 30 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 2.10 లక్షలు ఉన్నాయి. భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు, రెండేళ్ల పాప ఉంది. బీమా అంటే కంపెనీ ఇచ్చిందే. బీఎండబ్ల్యూ ఎం340ఐ కొనాలని 2 లక్షలు బుకింగ్ కట్టాను. ఆన్‌రోడ్ 93 లక్షలు. అందులో 70 లక్షలు 9.25 శాతానికి 5 ఏళ్ల కారు లోను, బెలూన్ పద్ధతిలో (అసలులో కొంత చివర్లో ఒకేసారి కట్టేలా) ఈఎంఐ 1.09 లక్షలే. చివర్లో కట్టాల్సిన 28 లక్షలు కంపెనీ షేర్లు అమ్మి తీర్చేస్తాను. డౌన్ పేమెంట్‌లో 15 లక్షలు ఫండ్ల మీద రుణం, 8 లక్షలు పర్సనల్ లోను. సిప్ కొన్నాళ్లు ఆపుతాను. జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇప్పుడే కొనడం మంచిదా, లేక రాబోయే ఎలక్ట్రిక్ కాన్సెప్ట్ కారు ఏదైనా బుక్ చేసి ఆగాలా?

జవాబు: కారుకు వంక పెట్టను. ఆరు సిలిండర్ల 3 లీటర్ల టర్బో ఇంజను, 374 హార్స్‌పవర్, 4.4 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం. ఆ ధరకి అంత ఇంజను దొరకడం కష్టమే. అయితే మీ లేఖలో ఉన్న కారు ఒకటే, అప్పులు మాత్రం మూడు. డౌన్ పేమెంట్ కూడా అప్పే! మీ లెక్క ప్రకారం 93 లక్షలూ అప్పే, బుకింగ్‌కు కట్టిన 2 లక్షలు తప్ప మీ సొంత డబ్బు ఒక్క రూపాయి లేదు. ఈఎంఐ జీతంలో సర్దుకుపోతే చాలు, కొనే స్తోమత ఉన్నట్టే అనుకునేవాళ్లు మీ ఒక్కరే కాదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు వేయని కూడిక వేద్దాం. కారు వాయిదా 1,09,300. పర్సనల్ లోను 13 శాతం చొప్పున నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు 21,500. ఫండ్ల మీద రుణానికి 10.5 శాతం వడ్డీ ఒక్కటే 13,100, అసలు అలాగే ఉంటుంది. ఇంటి వాయిదా 78,000. మొత్తం 2.22 లక్షలు, అంటే జీతంలో దాదాపు 72 శాతం. ఇంటి ఖర్చు కలిపితే 2.92 లక్షలు. ఇక కారు నడవాలి కదా. సిటీలో లీటరుకు ఎనిమిది కిలోమీటర్ల లెక్కన నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు 14 వేలు. వచ్చే ఏడాది బీమా ప్రీమియం కోసం నెలనెలా పక్కన పెట్టాల్సింది 15 వేలు. సర్వీసు, టైర్లకు 8 వేలు. అన్నీ కలిపి 3.29 లక్షలు. సిప్ పూర్తిగా ఆపేసినా నెలకు 19 వేలు తక్కువ పడతాయి. ఆ 19 వేలు క్రెడిట్ కార్డు మీదకు వెళ్తాయి. అది నాలుగో అప్పు.

ఇంకో విషయం. ఇప్పటి మీ లెక్కలో ఇంటి ఖర్చు, ఇంటి వాయిదా, సిప్ పోగా నెలకు 1.12 లక్షలు మిగలాలి. ఖాతాలో ఉన్నది 2.10 లక్షలు, అంటే రెండు నెలల మిగులు కూడా లేదు. మిగతాదంతా ఎటు పోతోందో మీ లేఖలో లేదు. కారు సంగతి తర్వాత, గత ఆరు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు ముందేసుకుని అది తేల్చండి.

నేను పట్టుబట్టేది అత్యవసర నిధి గురించే. ఒకసారి నిర్ణయించి వదిలేసే అంకె కాదది. అప్పు పెరిగిన రోజే అదీ పెరగాలి. ఇప్పుడు మీ తప్పనిసరి ఖర్చు నెలకు 1.48 లక్షలు. ఆరు నెలలకు 9 లక్షలు కావాలి, మీ దగ్గర దాని నాలుగో వంతు కూడా లేదు. ఈ కారు ఇంటికొచ్చిన మర్నాటి నుంచి ఆరు నెలల ఖర్చు 19.7 లక్షలవుతుంది. అప్పుడు మీ 2.10 లక్షలు ఇరవై రోజులకు కూడా చాలవు. సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం పోతే మళ్లీ దొరకడానికి మూడు నాలుగు నెలలు పట్టడం మామూలే. వాయిదాలు మాత్రం మొదటి నెల నుంచే తప్పుతాయి. ఒక లోను తప్పితే క్రెడిట్ స్కోరు పడిపోతుంది, ఆపైన మిగతావాటిని మార్చుకుందామన్నా, కొత్తది తీసుకుందామన్నా తలుపులు మూసుకుంటాయి.

‘ఫండ్లున్నాయి కదా, అవే అత్యవసర నిధి’ అంటారేమో. వాటిని మీరు తాకట్టు పెడుతున్నారు. తాకట్టులో ఉన్న యూనిట్లను రుణం తీరేదాకా మీరు అమ్ముకోలేరు. పైగా 30 లక్షల మీద 15 లక్షలంటే మీకిచ్చిన సగం పరిమితిని మొదటి రోజే అంచుదాకా వాడేసినట్టు. మార్కెట్ 20 శాతం పడితే ఫండ్ల విలువ 24 లక్షలు, అర్హత 12 లక్షలు. తేడా 3 లక్షలు కొద్ది రోజుల్లో కట్టమంటారు, లేదంటే యూనిట్లు అమ్మేస్తారు. 2020 జనవరి నుంచి మార్చి దాకా నిఫ్టీ 12,400 దగ్గర నుంచి 7,500 దగ్గరకు జారింది, దాదాపు 40 శాతం. అలాంటిదే వస్తే మీరు కట్టాల్సింది 6 లక్షలు. కంపెనీలు మనుషుల్ని తీసేసేదీ సరిగ్గా అప్పుడే. జీతం, కంపెనీ షేర్ల ధర, ఫండ్లు మూడూ ఒకేసారి పడతాయి. చివర్లో కట్టాల్సిన 28 లక్షలకు మీరు నమ్ముకున్నదీ ఆ షేర్లనే.

బెలూన్ పద్ధతి ఎందుకు అంత ఆకర్షణగా కనిపిస్తుందో చూడండి. మామూలు లోనైతే 70 లక్షలకు ఐదేళ్లలో ఈఎంఐ 1,46,200, మొత్తం వడ్డీ 17.7 లక్షలు. బెలూన్‌లో ఈఎంఐ 1,09,300, వడ్డీ 23.6 లక్షలు. నెలకు 37 వేలు తగ్గించుకున్నందుకు 5.9 లక్షలు ఎక్కువ కడతారు, చివర్లో 28 లక్షలు అలాగే నిలబడి ఉంటాయి. జీఎస్టీ తగ్గిందన్నారు. నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పెద్ద సెడాన్ల మీద సెస్సుతో కలిపి ఉండే 48 శాతం పన్ను 40కి దిగింది. 75 లక్షల ఎక్స్‌షోరూమ్ కారు మీద ఆ లాభం 4 లక్షల పైచిలుకు. బెలూన్ వడ్డీ అదంతా మింగేసి ఇంకా అడుగుతుంది.

ఇలాంటి లోనుతో వచ్చే అసలు చిక్కు బీమా దగ్గర బయటపడుతుంది. పాలసీలో కారు విలువ, అంటే ఐడీవీ, ఎక్స్‌షోరూమ్ ధర మీద లెక్కిస్తారు. రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ అందులో ఉండవు. రెండేళ్లు దాటితే 30 శాతం, మూడేళ్లకు 40, నాలుగేళ్లకు 50 శాతం తరుగు. మీ కారు మూడో ఏడాది మొదట్లో దొంగల పాలైందనుకోండి, లేదా బాగుచేయలేనంతగా దెబ్బతిందనుకోండి. ఐడీవీ 52.5 లక్షలు. అప్పటికి లోను బాకీ 55.5 లక్షలు. బీమా సొమ్ము ముందు ఫైనాన్స్ ఇచ్చినవాళ్లకు వెళ్తుంది. కారు ఉండదు, వాళ్లకే ఇంకో 3 లక్షలు బాకీ ఉంటారు, ఫండ్ల రుణమూ పర్సనల్ లోనూ యథాతథం. నాలుగో ఏట 47.1 లక్షల బాకీకి 45 లక్షల ఐడీవీ, ఐదో ఏట 38 లక్షలకు 37.5. ఐదేళ్లలో మొదటి సంవత్సరం తప్ప మిగతా ప్రతి ఏడాది మొదట్లోనూ ఇదే పరిస్థితి. ఐడీవీ కాకుండా కారు కొన్న బిల్లు ధర ఇచ్చే ‘రిటర్న్ టు ఇన్వాయిస్’ యాడాన్ ఉంటే ఈ గండం తప్పుతుంది, కానీ చాలా కంపెనీలు దాన్ని మొదటి మూడేళ్లకే ఇస్తాయి.

ఎప్పటికైనా ఇలాంటి కారు కొంటారు కాబట్టి ఇది కూడా రాసి పెట్టుకోండి. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ధరలో సగమే ఇస్తారు. ఇలాంటి కారు బంపర్లో సెన్సర్లు, కెమెరాలు ఉంటాయి కాబట్టి చిన్న గీతకే బిల్లు పెద్దదవుతుంది. తరుగు కోయకుండా భాగాల ధర ఇచ్చే ‘జీరో డెప్’ యాడాన్ తప్పనిసరి. కారుకు వేరే దెబ్బ ఏదీ లేకుండా టైరు ఒక్కటే పగిలితే మామూలు పాలసీ పైసా ఇవ్వదు. మీ కారు వెనక టైరు 255/35 సైజు, పక్క గోడ తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. మన గుంతల్లో అది ఉబ్బుతుంది. ముందు, వెనక సైజులు వేరు కాబట్టి మార్చి వేసుకునే వీలూ లేదు, నాలుగూ మారిస్తే లక్ష దాటుతుంది. టైర్ కవర్ తీసుకోవాలి. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీరు లాక్కుని కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అది ప్రమాదం కాదు, మీ చేతలవల్ల జరిగింది అని క్లెయిము కొట్టేస్తారు. అందుకు ఇంజన్ ప్రొటెక్ట్ విడిగా ఉండాలి. 2020 అక్టోబరు వరదల తర్వాత హైదరాబాద్‌లో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. పవర్ పెంచుతామని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) సెట్టింగులు మార్చే వర్క్‌షాపుల జోలికి పోకండి, వారంటీ పోతుంది, క్లెయిము వేళ బీమా సంస్థకు సాకు దొరుకుతుంది.

మీ ప్రాణానికి బీమా మాటేమిటి? ఇల్లు 71, కారు 70, మిగతా రెండూ 23 కలిపి 1.64 కోట్ల అప్పు అవుతుంది. కంపెనీ ఇచ్చే గ్రూప్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది. కారు కొన్నా కొనకపోయినా 3 కోట్ల టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. మీకూ భార్యకూ పాపకూ సొంతంగా ఫ్లోటర్ (ముగ్గురికీ కలిపి ఒకే పాలసీ), అమ్మానాన్నలకు విడిగా ఆరోగ్య బీమా ఉండాలి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ లేదు. మీరు సంతోషించాల్సిన పన్ను తగ్గింపు ఇది. లోనుకు జతచేసి ‘లోన్ ప్రొటెక్షన్’ పేరుతో ఒకేసారి ప్రీమియం కట్టించే పాలసీకి వద్దని చెప్పండి, ఆ ప్రీమియం కూడా లోనులో కలిపి దానికీ వడ్డీ వేస్తారు.

కాన్సెప్ట్ కారు బుకింగ్ సంగతి. ఆటో షోలో తిరుగుతున్న వేదిక మీద పెట్టిన బొమ్మకు ధర ఉండదు, డెలివరీ తేదీ ఉండదు. కొన్ని మాటకు నిలబడ్డాయి: మహీంద్రా 2022 ఆగస్టులో బ్రిటన్‌లో చూపించిన బీఈ.05, 2024 నవంబరులో బీఈ 6ఈ పేరుతో వచ్చి, ఆ తర్వాత బీఈ 6 అయింది. ఎంజీ 2021లో కాన్సెప్ట్‌గా చూపిన సైబర్‌స్టర్ 2025లో మన మార్కెట్‌కూ చేరింది. అన్నీ అలా కాదు. టెస్లా రెండో తరం రోడ్‌స్టర్‌ను 2017 నవంబరులో చూపించింది. అమెరికాలో దానికి 50 వేల డాలర్ల బుకింగ్, ఫౌండర్స్ సిరీస్‌కైతే 2.5 లక్షల డాలర్లు. కట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. 2016లో మోడల్ 3 కోసం వెయ్యి డాలర్లు కట్టినవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. 2025 జులైలో ముంబైలో షోరూమ్ తెరిచి ఆ కంపెనీ అమ్మకానికి పెట్టింది మోడల్ వై. బుకింగ్ సొమ్ముకు వడ్డీ రాదు, కంపెనీ ఇబ్బందుల్లో పడితే మీరు తాకట్టు లేని రుణదాత. వాపసు షరతు కాగితం మీద లేని బుకింగ్‌కు రూపాయి కూడా కట్టకండి. నిజంగా ఆగాలనుకుంటే ఆ డబ్బు మీ ఖాతాలోనే ఆగనివ్వండి.

మీరు ఎంత కారు కొనగలరు? అన్ని వాయిదాలూ కలిపి జీతంలో 40 శాతం, అంటే 1.24 లక్షలు దాటకూడదు. ఇంటి వాయిదా పోగా కారుకు 46 వేలు. ఐదేళ్లకు 9.25 శాతం చొప్పున దానికి వచ్చే లోను 22 లక్షలు. ఎం340ఐకి మీరు సొంతంగా తేవాల్సింది 71 లక్షలు. అదే బీఈ 6 పెద్ద బ్యాటరీ మోడల్ 286 హార్స్‌పవర్‌తో, ఎక్స్‌షోరూమ్ 27 లక్షల లోపు పరిచయమైంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు జీవితకాల పన్ను మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించారు, మీ ప్రస్తుత కొటేషన్‌లో ఆ పన్ను ఒక్కటే 15 లక్షల దరిదాపుల్లో ఉంటుంది. మూడేళ్ల పాత ఎం340ఐ కూడా ఒక దారే, వారంటీ పొడిగింపు ఉంటేనే. ఈ రెండూ అత్యవసర నిధి నిండాకే.

నెలకు 1.12 లక్షల మిగులు నిజంగా మిగిలితే, 9 లక్షలు నిండడానికి ఏడు నెలలు చాలు. సిప్ ఆపక్కర్లేదు. మూడు లక్షలు సేవింగ్స్ ఖాతాకు జతగా ఉండే స్వీప్ డిపాజిట్‌లో, మిగతాది లిక్విడ్ ఫండ్‌లో పెట్టండి.

ఈలోగా చేయాల్సిన మొదటి పని బుకింగ్ రద్దు. ఫోన్‌లో చెబితే లెక్కలోకి రాదు, ఈమెయిల్ పంపండి. మీ పేరున ఛాసిస్ నంబరు కేటాయించి ఇన్వాయిస్ కొట్టకముందే పంపితే వాపసు తేలిక. బుకింగ్ ఫారం వెనకున్న షరతుల్లో ఎంత కోత ఉందో చదివి, ఆ పేరాను ఈమెయిల్‌లో ప్రస్తావించండి. రిజిస్ట్రేషన్ అయితే మాత్రం అది సెకండ్ హ్యాండ్ కారే, కట్టిన పన్ను తిరిగి రాదు. పర్సనల్ లోను యాప్‌లో ‘ముందే మంజూరైంది’ అని కనిపిస్తున్నా నొక్కకండి. ఇప్పటికే నొక్కి ఉంటే ముందస్తుగా తీర్చేయడానికి ఎన్ని రోజుల గడువుందో, రుసుము ఎంతో బ్యాంకును ఈరోజే అడగండి.