పాలు చాలడం లేదని చెప్పే ముందు పక్కన కూర్చుని చూడండి

ప్రసూతి వార్డులో నర్సుగా కొత్తగా చేరానని, పాలిచ్చే తల్లులకు నిజంగా ఏ సాయం కావాలో చెప్పమని అడిగారు. ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన తల్లిగా నాకు తెలిసింది చెబుతాను.

నా మొదటి కాన్పు సిజేరియన్. రెండో రోజు రాత్రి పాప ఒకటే ఏడుపు. డ్యూటీలో ఉన్నావిడ గుమ్మంలోంచే "నీకు పాలు పడలేదమ్మా, డబ్బా పాలు పట్టించు" అని వెళ్లిపోయింది. ఆ మాట నన్ను నెలల తరబడి బాధపెట్టింది. పాలు బాగా పడటానికి సాధారణంగా రెండు నుంచి ఐదు రోజులు పడుతుందని, ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చని, ఈలోగా వచ్చే ఆ కాసిని ముర్రుపాలే చాలామంది పిల్లలకు సరిపోతాయని ఎవరూ చెప్పలేదు. డబ్బా పాలతో కడుపు నిండిన పాప నా దగ్గర తాగడం తగ్గించింది. బిడ్డ తాగకపోతే పాలు ఊరవు కదా.

రెండో కాన్పులో ఒక సిస్టర్ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. బాబు తాగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి వదిలేదాకా చూసి, "నొప్పిగా ఉందా?" అని అడిగింది. బాబు చనుమొన ఒక్కటే పట్టుకుంటున్నాడట. కుట్ల మీద బరువు పడకుండా వాణ్ని చంక కింద పక్కకు పట్టుకోమంది. నోరు బాగా తెరిచాక, గడ్డం రొమ్ముకు ఆనేలా దగ్గరికి తీసుకోమంది. నా మీద చెయ్యి వేసే ముందు "చూపించనా అమ్మా?" అని అడిగి, తెర లాగింది. మొదటిసారి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు నాకు. ఇరవై నిమిషాల్లో నా టెన్షన్ సగం పోయింది.

పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుందో కూడా ఆవిడే చెప్పింది. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి, అయిదో రోజు నుంచి కనీసం 6 సార్లు మూత్రం పోయాలి, మొదట తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. ఏడుపొక్కటే చూసి తేల్చకూడదు.

వైద్యపరంగా అవసరమైతే తప్ప తల్లిపాలు కాక వేరేవి ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లోనే చెప్పాయి. నిజంగా అవసరమైన పిల్లలూ ఉంటారు, అప్పుడు ఇవ్వాల్సిందే. కానీ ఎందుకో, ఎంతో తల్లికి చెప్పండి. పాలు తగ్గిపోకుండా పిండి తీయడమూ నేర్పండి.

ఇంటికి పంపేటప్పుడు రాత్రి కూడా పలికే ఫోన్ నంబరు ఒకటి ఇవ్వండి. రొమ్ములు గట్టిపడి బిడ్డ పట్టుకోలేకపోవడం చాలామందికి ఇంటికెళ్లాకే మొదలవుతుంది.