ఒకే పాత్రకు ముగ్గురు ఉత్తమ నటులా?

ప్రశ్న: సంగీత నాటకాల్లో ప్రధాన నటుడికిచ్చే టోనీ అవార్డును (అమెరికా నాటకరంగ పురస్కారం) ఒకసారి ముగ్గురు పంచుకున్నారని విన్నాను, నిజమేనా? అసలు ప్రధాన నటుడెవరో ఎలా తేలుస్తారు?

జవాబు: నిజమే. ‘బిల్లీ ఎలియట్’ అనే సంగీత నాటకంలో బాలె నాట్యం మీద మనసు పడిన గని కార్మికుడి కొడుకు పాత్రను వంతులవారీగా పోషించిన డేవిడ్ అల్వారెజ్, ట్రెంట్ కొవాలిక్, కిరిల్ కులిష్ అనే ముగ్గురు బాలురకు 2009లో ఈ అవార్డును కలిపి ఇచ్చారు. పాటా, ఆటా, మాటా అన్నీ తానే అయి నాటకమంతా నడిపించవలసిన ఆ పాత్రను వారానికి ఎనిమిది ప్రదర్శనల్లో ఒక్క బాలుడే మోయడం కుదిరే పని కాదు. లండన్‌లో అదే పాత్ర వేసిన ముగ్గురికి 2006లోనే అక్కడి నాటకరంగ పురస్కారమైన ఒలివియర్ అవార్డు ఇలాగే దక్కింది.

రెండో సందేహానికి సమాధానం కాస్త విచిత్రమైనది. న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో నటుడి పేరు నాటకం పేరుకు పైన అచ్చయితే ప్రధాన విభాగం, కింద అచ్చయితే సహాయ విభాగం అన్నది మామూలు లెక్క. అవసరమనుకుంటే అర్హతల కమిటీ దీన్ని మార్చవచ్చు. పేరు కింద అచ్చయినందుకే ‘ది కింగ్ అండ్ ఐ’లో సాక్షాత్తూ రాజుగా నటించిన యూల్ బ్రిన్నర్‌కు 1952లో దక్కింది సహాయ నటుడి అవార్డే.