కప్పు మీద ఎర్ర కోడి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. ‘గేయర్ నల్ల దండు’ అనే జర్మన్ పాట గురించి, అంటే రైతు తిరుగుబాటులో ఫ్లోరియన్ గేయర్ అనే దొర నడిపిన దండు మీద కట్టిన పాట గురించి, రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 1525లో జర్మన్ రైతులు ఈ పాట పాడుకుంటూ కోటల మీదికి నడిచారని రాశావు. నడిచిన మాట నిజమే. ఈ పాట పాడుతూ మాత్రం కాదు, అప్పటికి ఇదింకా పుట్టలేదు.

దీని మాటలకు మూలం హైన్రిష్ ఫాన్ రేడర్ అనే బవేరియా సైనికాధికారి 19వ శతాబ్దం చివర్లో రాసిన కవిత. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక, 1920 ప్రాంతంలో, వీపున సంచి వేసుకుని కొండలూ అడవులూ తిరిగే కుర్రాళ్ల బృందాలు దాన్ని మార్చి కవాతు పాటగా చేసుకున్నాయి. తిరుగుబాటుకీ పాటకీ మధ్య దాదాపు 400 ఏళ్లు! అలాగని అంతా కొత్తదీ కాదు. ‘ఆదాము నేల తవ్వి, హవ్వ నూలు వడికిన రోజుల్లో దొర ఎక్కడున్నాడు?’ అన్న చరణం ఉంది చూశావా, ఆ ప్రశ్న 1381 నాటి ఇంగ్లండు రైతు తిరుగుబాటులోనే జాన్ బాల్ అనే క్రైస్తవ మతగురువు నోట వినిపించింది. పాత గుడ్డముక్కలతో కుట్టిన బొంత ఇది. ఏ ముక్క ఎక్కడిదో చూపించు, నీ వ్యాసం దానంతటదే నడుస్తుంది.

ఇక పల్లవి. ‘మఠం కప్పు మీద ఎర్ర కోడిని ఎక్కిద్దాం’ అని అనువదించావు. చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. జర్మన్‌లో కప్పు మీద ఎర్ర కోడిని పెట్టడమంటే కొంపకి నిప్పు పెట్టడం. మంట నాలుక కోడిపుంజు జుట్టులా ఎగురుతుందిగా! ఆ ఒక్క మాట విప్పి చెబితే, ఉల్లాసంగా వినిపించే పాట అడుగున ఏముందో పాఠకుడికి కనిపిస్తుంది. ఇలాంటి పొరపాటే నా మొదటి వ్యాసంలో నేనూ చేశాను. ఎవరో పాఠకుడు పోస్టుకార్డు రాసి దిద్దాడు. వారం రోజులు మొహం చెల్లలేదు.

నువ్వు అసలు ముట్టుకోని చోటొకటుంది. ‘ఓడి ఇంటికి పోతున్నాం, మా మనవలు మాకన్నా బాగా పోరాడతారు’ అంటుంది చివరి చరణం. ఎవరా మనవలు? హిట్లర్ ఎస్సెస్ దళాలు మేమే అన్నాయి. 1944లో తమ అశ్విక డివిజన్ ఒకదానికి ఫ్లోరియన్ గేయర్ పేరే పెట్టుకున్నాయి. ఆ తర్వాత కమ్యూనిస్టు తూర్పు జర్మనీ సైన్యం, కాదు మేమంది. రైతుల పక్షాన నిలిచిన థామస్ ముంట్సర్ బొమ్మను 5 మార్కుల నోటు మీద వేసుకున్న దేశం అది. ఒకే పాట, బద్ధశత్రువుల బూట్ల కింద అదే తాళం. దీనికి నువ్వు అర వాక్యం కూడా ఇవ్వలేదు, నేనైతే ఇక్కడే మొదలుపెట్టేవాణ్ణి. ఆవేశం కాస్త తగ్గించు. ‘రక్తం’ అన్న మాట పదకొండుసార్లు లెక్కపెట్టాను.

ఇంకొక్కటి దిద్దుకో. గేయర్ యుద్ధభూమిలో నేలకొరిగాడని రాశావు. కాదు. దండు చెదిరిపోయాక, 1525 జూన్‌లో, వ్యూర్ట్స్‌బుర్గ్ దగ్గర అడవిలో సొంత చుట్టం ఇంటి పనివాళ్లే అతన్ని చంపేశారు.

మీ అన్న