జింక్, డీఏపీ కలిపితే ట్యాంకులో విరిగిపోయింది: జింక్ నకిలీదా?

నెల్లూరు జిల్లా కోవూరు వైపు ఎడగారు (ఎండాకాలం) వరికి డీఏపీ (భాస్వరం ఎరువు) నానబెట్టి తీసిన తేట, జింక్ సల్ఫేట్ ఒకే ట్యాంకులో పోస్తే పాలు విరిగినట్టు అయిందని, నాజిల్ మూసుకుపోయిందని, షాపులో నకిలీ సరుకు ఇచ్చారేమోనని ఒక రైతు అడిగారు.

అన్నా, విరిగిందంటే అందులో కొంతైనా జింక్ ఉన్నట్టే. జింక్ అయాన్, డీఏపీలోని ఫాస్ఫేట్ కలిస్తే జింక్ ఫాస్ఫేట్ తెల్లగా గడ్డకడుతుంది. అది నీళ్లలో కరగదు, ఆకులోకి పోదు. ఎంత కలియబెట్టినా దండగే. పొలంలో పారబోయండి, నేలలో మెల్లగానైనా కొంత పనికొస్తుంది.

నకిలీలో ఎక్కువగా వచ్చేది మెగ్నీషియం సల్ఫేట్. చూడ్డానికి రెండూ ఒకటే. వట్టి మెగ్నీషియమైతే డీఏపీ తేటతో వెంటనే గడ్డకట్టదు, చాలాసేపు ఉంచితే సన్నటి గసి దిగొచ్చు. కానీ సగం సగం కలిపిన సరుకు కూడా డీఏపీతో విరుగుతుంది, కాబట్టి ఆ పరీక్ష ఒక్కటే నమ్మొద్దు.

కాస్టిక్ సోడాతో తేలుతుంది. పావు చెంచా జింక్‌ను పావు గ్లాసు క్యాన్ నీళ్లలో కరిగించండి. బోరు నీళ్లు వద్దు, అందులోని మెగ్నీషియమే మసక తెస్తుంది. వేరే గాజు గ్లాసులో 100 మి.లీ. నీళ్లకు 20 గ్రాముల కాస్టిక్ కొంచెం కొంచెంగా వేయండి. బాగా వేడెక్కుతుంది, చల్లారనివ్వండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె అసలు వద్దు, కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వదుల్తుంది. ఆ కాస్టిక్ ద్రావణాన్ని జింక్ నీళ్లలో చుక్కచుక్కగా పోస్తే మొదట గంజిలా తెల్లటి జింక్ హైడ్రాక్సైడ్ వస్తుంది. ఆపకుండా, జింక్ నీళ్లతో సమానంగా అయ్యేదాకా పోసి కలపండి. అసలు జింకైతే సోడియం జింకేట్‌గా మారి మళ్లీ తేటగా కరిగిపోతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఎంత పోసినా కరగదు, తెల్లగానే మిగులుతుంది. గోధుమ రంగు తేలితే ఇనుము. బట్టల సోడాతో చేస్తే మాత్రం అసలు జింక్ కూడా కార్బొనేట్‌గా మిగిలి నకిలీలా కనిపిస్తుంది.

ఇక పొలం సంగతి. నాటిన 2–4 వారాల్లో ముదురాకుల చివర మధ్య ఈనెకు రెండు పక్కలా ఇటుకరంగు మచ్చలు, వంచితే ఆకు పుటుక్కున విరగడం ఉంటే జింక్ లోపమే. లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ (21 శాతం జింక్ ఉండే రకం), ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, 5 రోజుల ఎడంతో 2–3 సార్లు కొట్టండి. సంచి మీద 33 శాతం అని ఉంటే అది మోనోహైడ్రేట్, లీటరుకు 1.3 గ్రాములు చాలు. ఆ ట్యాంకులో పురుగుమందులు కలపొద్దు. డీఏపీ కొట్టాలంటే వేరే రోజు.

వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లండి, మూడు పంటలకొకసారి సరిపోతుంది. భాస్వరం ఎరువుకూ దానికీ రెండు మూడు రోజులు ఎడం ఉంచండి. చౌడు నేలైతే 40 కిలోలు, ఎందుకంటే పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నేలనీటిలో కరిగే జింక్ దాదాపు నూరోవంతుకు పడిపోతుంది. అలాంటి మడిలో నీళ్లు నిలిచే ఉంటే జింక్ మొక్కకు అందకుండా ఇంకా బిగుసుకుంటుంది, మధ్యమధ్యలో ఆరగట్టండి.