ఒంగోలు నుంచి ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపొచ్చా?

ఒంగోలులో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతున్నారు, కనిగిరి వైపు బడిపిల్లల పళ్ళ మీద ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకి మచ్చలు పడటం) సర్వే చేశారు. థాయ్‌లాండ్‌లో ఒక యూనివర్సిటీ మెడికల్ ఫ్యాకల్టీ పెడుతున్న హెల్త్ సైన్సెస్ కాన్ఫరెన్స్‌కి దాని అబ్‌స్ట్రాక్ట్, అంటే సర్వే సారాంశం, పంపాలా, మా ఊరి నీళ్ళ గోల అక్కడ ఎవరికి కావాలి అని అడిగారు. తప్పకుండా పంపండి. కమ్యూనిటీ మెడిసిన్ పీజీలో ఉండగా నేనూ ఇదే టాపిక్ పోస్టరుతో ఆ దేశం వెళ్ళొచ్చాను.

టాపిక్ చిన్నదని మాత్రం అనుకోకండి. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది నెల్లూరు జిల్లాలో, 1937లో. కనిగిరి, పొదిలి అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి.

అక్కడ నా పోస్టరు ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడింది లంఫూన్ నుంచి వచ్చిన ఒక నర్సు. చియాంగ్ మై, లంఫూన్ వైపు కూడా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. ఆవిడ నా పోస్టరులోని అంకెల పట్టిక మీద వేలు పెట్టి, "వీళ్ళు అన్నం ఏ నీళ్ళతో వండుతారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఫారంలో తాగే నీళ్ళు బోరువా, కుళాయివా, కాన్‌వా (కొనుక్కునే శుద్ధి చేసిన నీళ్ళు) అని రాసుకున్నాను. వంట నీళ్ళకి గడే పెట్టలేదు. కాన్ నీళ్ళు తాగేవాళ్ళందరినీ సేఫ్ గుంపులో వేసేశాను. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తర్వాత ఆవిడ ఇంకోటి అడిగింది, గంజి వారుస్తారా అని. వారిస్తే కొంత బయటికి పోతుంది. అత్తెసరు పెట్టినా, కుక్కర్‌లో వండినా మొత్తం అన్నంలోనే ఉంటుంది. మా అమ్మ బోరు నీళ్ళతో ఎసరు పెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఆ రాత్రి హాస్టల్ గదిలో నిద్ర పట్టలేదు.

అందుకే మీ ఫారంలో ఈ రెండు ప్రశ్నలూ ఇప్పుడే చేర్చండి. పళ్ళకి మచ్చలు పడేది ఎనిమిదేళ్ళలోపు, పన్ను తయారవుతున్నప్పుడు. పన్నెండేళ్ళ పిల్లాణ్ణి ఇవాళ ఏం తాగుతున్నావని అడిగితే చాలదు. చిన్నప్పుడు ఇంట్లో ఏ నీళ్ళు వాడారో వాళ్ళ అమ్మని అడగాలి. డీన్ ఇండెక్స్ (పళ్ళ మచ్చల తీవ్రతని కొలిచే స్కేలు) ప్రకారం గ్రేడ్ చేసింది ఒక్కరేనా, ఇద్దరా అన్నది కూడా రాయండి. పోస్టర్లకి మార్కులు వేసే జడ్జీలు అడుగుతారు.

మిగతావి త్వరగా చెప్తాను. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా అబ్‌స్ట్రాక్ట్ పంపకండి. డబ్బు గుంజే దొంగ కాన్ఫరెన్సులు చాలా ఉన్నాయి కాబట్టి, కాన్ఫరెన్స్ కమిటీలో ఉన్నవాళ్ళ పేర్లు ఆ యూనివర్సిటీ సొంత సైట్‌లో ఉన్నాయో లేదో చూడండి. అబ్‌స్ట్రాక్ట్ తీసుకున్నారని మెయిల్ వచ్చాకే ఫీజు కట్టండి. పోస్టరు సైజు ఏ జీరో అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. మన ఫ్లెక్స్ షాపుల్లో అడుగుల లెక్క కదా, మూడు బై నాలుగు అంటే కాస్త పెద్దదే వస్తుంది, బోర్డుకి సరిపోదు. కొలత కాగితం మీద రాసి ఇవ్వండి, నిలువా అడ్డమా అన్నది కూడా. గుడ్డ మీద ప్రింట్ వేయిస్తే మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు.

ఇంగ్లీష్ టెన్షన్ వద్దు. అక్కడ చాలామందికి మనలాగే అది రెండో భాష. నెమ్మదిగా మాట్లాడితే చాలు.

తిరిగొచ్చాక ఊళ్ళో మా పెద్దమ్మని అడిగాను, అన్నం కూడా కాన్ నీళ్ళతో వండొచ్చు కదా అని. "కాన్ నీళ్ళు ఎసట్లో పోస్తే తాగడానికి ఎన్ని పూటలు వస్తాయిరా?" అంది. మీ సర్వేలో ఇంటికి రోజుకి ఎన్ని కాన్లు కొంటున్నారో కూడా రాయించండి. అబ్‌స్ట్రాక్ట్ రాశాక ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.