కొడుకు రేసులో దొరికితే తండ్రి మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అబ్బాయికి పదిహేడేళ్లు. నా పేరు మీదున్న 200 సీసీ బైకుతో రాత్రిపూట కరకంబాడి రోడ్డులో రేసు ఆడుతూ దొరికాడు. సైలెన్సర్ కూడా మార్చి ఉంది. బండి స్టేషన్‌లో ఉంది. నా మీద కూడా కేసు పెడతారా? స్నేహితుడు నడిపాడని చెప్పమని కొందరంటున్నారు. వాడి చదువు దెబ్బతింటుందా?

జవాబు: స్నేహితుడి మీదికి మాత్రం తోయకండి. రేసు వీడియోలు ఆ పిల్లల ఫోన్లలోనే ఉంటాయి. అబద్ధం బయటపడితే చిన్న కేసు పెద్దదవుతుంది.

మీ మీద కేసు పెట్టవచ్చు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ వచ్చింది. మైనర్ తప్పు చేస్తే సంరక్షకుడు, బండి యజమాని దోషులేనని చట్టం ముందే భావిస్తుంది. మీకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నా జరిగిందనో రుజువు చేసుకునే బాధ్యత మీదే. నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. రోజూ అదే బండి మీద కాలేజీకి పంపుతూ ఉంటే ‘నాకు తెలియదు’ అన్న వాదన నిలబడదు. వాడు పెట్టిన బైకు రీల్‌కు మీరు లైకు కొట్టి ఉన్నా అంతే. తాళం దాచి ఉంచారా, ఎవరు తీశారు, ఇవన్నీ ఉన్నదున్నట్టు మీ వకీలుకు చెప్పండి. పదహారేళ్లకు ఇచ్చే లెర్నర్ లైసెన్సు 50 సీసీ మించని బండికే, మీ బైకుకు అది పనికిరాదు.

రేసుకు 189 సెక్షన్: మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. సైలెన్సర్ మార్పుకు యజమానిగా మీరు వేరే జవాబు చెప్పుకోవాలి.

207 సెక్షన్ కింద బండి పట్టి ఉంటే ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలతో రవాణా అధికారికి దరఖాస్తు పెట్టండి. పోలీసులు బండిని కేసు ఆస్తిగా, అంటే కేసుకు సంబంధించిన వస్తువుగా, కోర్టుకు చూపితే మేజిస్ట్రేటు దగ్గర తాత్కాలిక విడుదల పిటిషన్ వేయాలి. చేతికొచ్చాక కంపెనీ సైలెన్సర్ బిగించకుండా రోడ్డెక్కించకండి.

ఎవరికీ దెబ్బ తగలకపోవడం మీ అదృష్టం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. కొండకు కాలినడకన పోయే భక్తులు తెల్లవారుజామునే రోడ్ల మీద ఉంటారు. వారిలో ఒకరు చనిపోయి ఉంటే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరం కింద కేసు నడిచేది. లైసెన్సు లేని మైనర్ నడిపాడు కాబట్టి, బాధితులకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కట్టినా ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకునే వీలుంది. లక్షల్లో తేలితే ఇల్లు అమ్మాల్సి వస్తుంది.

చదువు గురించి భయపడకండి. పద్దెనిమిది నిండని పిల్లవాడిని లాకప్‌లో పెట్టకూడదు. పట్టుకుంటే 24 గంటల్లో జువైనల్ బోర్డు (మైనర్ల కేసులు విచారించే బోర్డు) ముందుకు తేవాలి. బోర్డు తప్పు తేల్చినా, బాలల న్యాయ చట్టం 24 సెక్షన్ ప్రకారం శిక్ష పడినవారికి వర్తించే అనర్హత వాడికి వర్తించదు. అయితే 199ఎ కింద ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. వయసు లెక్క నేరం జరిగిన రోజు నాటిది, విచారణ నాటిది కాదు. పదో తరగతి మార్కుల మెమో ఒరిజినల్ ఇప్పుడే తీసి ఉంచుకోండి, బోర్డు మొదట అడిగేది అదే.